కండరాల పవర్ లెక్క: రన్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

విజయనగరంలో ఓపెన్‌సిమ్‌తో (శరీర కదలికల్ని కంప్యూటర్ మోడల్‌లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) కండరాల పవర్ లెక్కగట్టే ప్రాజెక్టు మొదలుపెట్టే వాళ్లకి ముందుగా గుర్తొచ్చేది కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లే. మంచిదే. కాకపోతే బరువులెత్తడం నడక కాదు, ఓపెన్‌సిమ్‌లో పేచీలు ఎక్కువ.

• బార్‌బెల్ బరువు మోడల్‌లో కలిపారా? అన్నిటికంటే ముందు ఇదే చూడండి. 70 కిలోల మనిషి 100 కిలోల బార్ ఎత్తి కదలకుండా నిలబడితే ఫోర్స్ ప్లేట్ (కాళ్ల కింద బలాన్ని కొలిచే పలక) దాదాపు 1,668 న్యూటన్లు చూపిస్తుంది. మోడల్‌లో మనిషి బరువే ఉంటే, మిగతా 981 న్యూటన్లు రెసిడ్యువల్స్‌లో (మోడల్ లెక్కకి అందక మిగిలిపోయిన బలాల్లో) తేలతాయి. అక్కడ అంత పెద్ద అంకె కనిపిస్తే పవర్ గ్రాఫు వైపు చూడనే అక్కర్లేదు.

• మార్కర్ డేటా (ఒంటికి అతికించిన గుర్తుల కదలికని కెమెరాలు పట్టింది), ఫోర్స్ డేటా ఒకే టైమ్‌కి కలిశాయా? మార్కర్లని ఫిల్టర్ చేశారా? స్థానం నుంచి వేగం తీసేటప్పుడు చిన్న వణుకు కూడా పెద్దదైపోతుంది.

• కీలు పవర్ లెక్కలో కోణీయ వేగం రేడియన్లలోనే ఉండాలి. డిగ్రీల్లో వదిలేస్తే జవాబు 57 రెట్లు పెరుగుతుంది. లిఫ్టర్ కాస్తా జేసీబీ అయిపోతాడు!

• ప్లస్, మైనస్. ఓపెన్‌సిమ్‌లో ఫైబర్ (కండరపు పోగు) వేగం ప్లస్ అంటే కండరం సాగుతోందని. కుదించుకుంటూ చేసే పని ప్లస్‌గా రావాలంటే బలం, వేగాల లబ్ధానికి మైనస్ పెట్టాలి.

• స్టాటిక్ ఆప్టిమైజేషన్ (కీలు బలాన్ని ఏ క్షణానికా క్షణం కండరాలకి పంచే పద్ధతి) స్నాయువు (టెండన్) సాగుడుని లెక్కలోకి తీసుకోదు. జెర్క్ (బార్‌ని భుజాల మీంచి ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) లాంటి వేగమైన కదలికకి దాని ఫైబర్ పవర్‌ని నేనైతే నమ్మను.

• మామూలు మోడల్ కండరాలకి లిఫ్టరంత బలం ఉండదు. ఆ లోటుని రిజర్వ్ యాక్చుయేటర్లు (కండరాలకి తోడుగా కీళ్ల దగ్గర మోడల్‌లో పెట్టే అదనపు మోటార్లు) గుట్టుగా పూడుస్తున్నాయేమో చూడండి. ఈఎంజీ (కండరాల విద్యుత్ సంకేతాల) రికార్డింగ్ ఉంటే, కండరం పనిచేసిన సమయాలైనా పోల్చుకోండి.