ఆపరేషన్‌కి ముందు చర్మానికి ఏం పూస్తున్నారు? కాస్త పట్టించుకోండి

ఆపరేషన్ డేట్ ఖరారయ్యాక మనం అడిగేవి ఖర్చెంత, కుట్లెన్ని, ఇంటికెప్పుడు పంపిస్తారు అనే. కోత పెట్టే ముందు చర్మానికి ఏం పూస్తారో ఎవరూ అడగరు, కానీ తర్వాత కుట్ల దగ్గర చీము పట్టకుండా ఉండాలంటే అది చాలా ముఖ్యం.

స్పిరిట్, అంటే ఆల్కహాల్, క్రిముల్ని క్షణాల్లో చంపుతుంది, కానీ ఆరిపోయాక దాని పని అయిపోయినట్టే. గోధుమరంగు బెటాడిన్, అంటే పొవిడోన్ అయోడిన్, రకరకాల క్రిముల మీద పనిచేస్తుంది గానీ రక్తం, చీము తగిలితే బలం తగ్గుతుంది. క్లోర్‌హెక్సిడిన్ అనే ఇంకో క్రిమిసంహారక మందు చర్మాన్ని అంటిపెట్టుకుని గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది.

మరి ఏది మంచిది? 2010లో వచ్చిన ఒక అమెరికన్ ట్రయల్‌లో బెటాడిన్ పూసినవాళ్లలో 16.1 శాతం మందికి, ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్ పూసినవాళ్లలో 9.5 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. అయితే ఆ బెటాడిన్‌లో ఆల్కహాల్ లేదు. 2024లో స్విట్జర్లాండ్ డాక్టర్లు రెండింటిలోనూ ఆల్కహాల్ ఉన్నవే గుండె, పొట్ట ఆపరేషన్లలో పోల్చి చూస్తే పెద్ద తేడా కనబడలేదు, ఇన్ఫెక్షన్ వచ్చింది పొవిడోన్ అయోడిన్‌తో 5.1, క్లోర్‌హెక్సిడిన్‌తో 5.5 శాతం మందికి. నన్నడిగితే సీసా మీది పేరు కంటే అందులో ఆల్కహాల్ ఉందా అన్నదే ముందు చూడాలి.

ఆల్కహాల్ ఉన్నప్పుడు మాత్రం పూర్తిగా ఆరనివ్వాల్సిందే. వెంట్రుకలు లేనిచోట కనీసం 3 నిమిషాలు పడుతుంది, వెంట్రుకలున్నచోట ఇంకా చాలాసేపు. మందు నడుము కిందికి కారి దుప్పటి తడిసి ఉండగా కాటరీ (కరెంటు వేడితో కోసి రక్తం ఆపే పరికరం) వాడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే తడిసిన గుడ్డ తీసేశాకే మొదలుపెట్టాలి. కంట్లోకి, చెవి లోపలికి క్లోర్‌హెక్సిడిన్ పోకూడదు, కంటి ఆపరేషన్‌కి పలుచని పొవిడోన్ అయోడినే వాడతారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చర్మం ఈ మందులకి కాలిపోతుంది, అక్కడ ఇంకా జాగ్రత్త.

ఇంట్లో చేయాల్సినవీ ఉన్నాయి. ముందురోజు స్నానం చేయండి, ఆ చోట బ్లేడుతో మాత్రం గీయకండి, కంటికి కనబడని గాట్లలోకి క్రిములు చేరతాయి. వెంట్రుకలు తీయక తప్పకపోతే ఆస్పత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

ఎలర్జీ సంగతి దాచొద్దు. రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయి కాబట్టి బెటాడిన్ పడదేమో అని టెన్షన్ పడేవాళ్లున్నారు, ఆ రెండింటికీ సంబంధం లేదు. క్లోర్‌హెక్సిడిన్ ఎలర్జీ అరుదే గానీ వస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఈ మందు ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలించినప్పుడో, పాత ఆపరేషన్‌లోనో ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చుంటే మత్తు డాక్టర్‌కి చెప్పి కేస్ షీట్‌లో రాయించండి.