దవడ ఆపరేషన్‌లో వేసిన ప్లేటు ఇబ్బంది పెడుతుంటే ఏం చేయాలి?

నోటి క్యాన్సర్ వల్ల దవడ ఎముక కొంత తీసేయాల్సి వచ్చినా, బైకు ప్రమాదంలో ఎముక నుజ్జయినా, మిగిలిన దవడను టైటానియం ప్లేటు, స్క్రూలు వేసి నిలబెడతారు. పోయిన ముక్క పెద్దదైతే కాలి పిక్క పక్కన ఉండే సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తీసి అక్కడ అమరుస్తారు. దవడకు ఈ పద్ధతిని 1989లో న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు మన దగ్గర పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లోనూ ఇది మామూలుగా చేసే ఆపరేషనే.

చాలామందికి ఆ ప్లేటు జీవితాంతం లోపలే ఉండిపోతుంది, దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి మాత్రం నెలలకో, ఏళ్లకో స్క్రూ వదులవుతుంది, ప్లేటు చిగురులోంచో చర్మంలోంచో బయటికి కనిపిస్తుంది, అరుదుగా విరిగిపోతుంది కూడా. అలాంటప్పుడు ఏం చేయాలన్నది ఎక్కువగా ఒక్క ప్రశ్న మీదే ఆధారపడుతుంది: లోపల ఎముక అతుక్కుందా, లేదా? ప్లేటు పని స్లాబు కింద సెంట్రింగ్ లాంటిది. ఎముక గట్టిపడేదాకా బరువు తను మోస్తుంది, ఆ తర్వాత తీసేసినా దవడ నిలబడుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది ఇదే.

1. నోటిని వారానికోసారి చూసుకోండి

అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్ వేసుకోండి. స్టీలు చెంచా వెనుక వైపుతో పెదవిని, బుగ్గను మెల్లగా పక్కకు జరిపి కుట్లు వేసిన గీత వెంబడి చూడండి. బూడిద రంగులో మెరిసే అంచు, ఆవగింజంత రంధ్రం, పక్కన నొక్కితే ఊరే చీము, నాలుకకు గరుకుగా తగిలే చోటు ఏమైనా ఉందేమో గమనించండి. తర్వాత గడ్డం కింద, దవడ అంచున చర్మాన్ని వేళ్లతో తడమండి. అనుమానం ఉన్న చోట ఫోటో తీసి ఉంచుకోండి. తర్వాతి వారం అదే కోణంలో ఇంకోటి తీస్తే తేడా మీకే తెలుస్తుంది.

నోరు ఎంత తెరుచుకుంటోందో మీ వేళ్లతోనే కొలుచుకోండి. ఆపరేషన్ అయినవాళ్లకు రెండు వేళ్లే పట్టడం మామూలు కావచ్చు. నిన్నమొన్నటి దాకా రెండు పట్టి ఇప్పుడు ఒకటే పడుతుంటే అది చెప్పాల్సిన విషయం.

నొప్పి కోసం ఎదురుచూడకండి. ఆపరేషన్‌లో నరం దెబ్బతిని గడ్డం దగ్గర స్పర్శ లేనివాళ్లకు లోపల చీము పట్టినా నొప్పి తెలియకపోవచ్చు. మా మేనమామకు మొదట కనిపించింది గడ్డం కింద ఎర్రటి చిన్న పొక్కు. గీసుకున్నప్పుడు తెగిందనుకున్నారు. ఎండినట్టే ఎండి, మళ్లీ అదే చోట చెమ్మ ఊరేది. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద పసుపు మరక ఉండేది. లోపల వదులైన స్క్రూ ఉందని ఎక్స్‌రేలో తేలింది. మానినట్టే మాని మళ్లీ మళ్లీ కారే పొక్కును మొటిమ అని వదిలేయకండి.

2. ఏది ఎంత తొందరో తెలుసుకోండి

ఊపిరాడకపోవడం, నాలుక కింద గానీ మెడలో గానీ వాపు వేగంగా పెరగడం, మింగుడు పడక సొంగ కారిపోవడం, నోట్లోంచి ఆగకుండా రక్తం రావడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

జ్వరంతో పాటు వాపు, చీము ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. నమిలేటప్పుడు టక్‌మని శబ్దం వచ్చి పళ్లు మునుపటిలా కలవకపోతే ప్లేటు విరిగి ఉండొచ్చు. ఆ క్షణం నుంచి నమలడం మానేసి, జావ, మజ్జిగ లాంటి ద్రవాలు మాత్రమే తీసుకుంటూ అదే రోజో మర్నాడో చూపించండి. ప్లేటు అంచు కొద్దిగా కనిపిస్తోంది, వాపూ జ్వరమూ లేవు అంటే కంగారు పడాల్సిన పని లేదు, కానీ ఆ వారంలోనే వెళ్లండి.

3. వెళ్లేలోపు ఇంట్లో

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ మెల్లగా పుక్కిలించండి. డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసి ఉంటే పళ్లు తోముకున్న అరగంట తర్వాత వాడండి, వెంటనే వాడితే పేస్టు దాని పనిని తగ్గిస్తుంది. చాలా రోజులు వాడితే పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, కాబట్టి ఎన్నాళ్లు వాడాలో అడగండి. మెత్తటి బ్రష్‌తో ప్లేటు చుట్టూ పాచి లేకుండా చూసుకోండి.

చర్మం మీద రంధ్రం పడితే శుభ్రమైన గాజుగుడ్డ కప్పండి, అంతే. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టొద్దు. బయటికి వచ్చిన స్క్రూను వేలితో తిప్పడం, నాలుకతో కదపడం వద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవడం అన్నిటికన్నా చేటు. మూడు రోజులు వాడితే చీము తగ్గినట్టు కనిపిస్తుంది, లోహాన్ని పట్టుకున్న క్రిములు మాత్రం అలాగే ఉంటాయి. పైగా చీము పరీక్షలో ఏ క్రిమి ఉందో దొరక్కుండా పోతుంది.

4. కాగితాలు సిద్ధం చేసుకోండి

వీలైనంత వరకు ఆపరేషన్ చేసిన డాక్టర్ల దగ్గరికే వెళ్లండి. కుదరకపోతే మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌నో, తల-మెడ క్యాన్సర్ సర్జన్‌నో కలవండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ నోట్స్, వాటితో పాటు వేసిన ప్లేటు కంపెనీ, సైజు ఉండే స్టిక్కర్ కాపీ అడిగి తీసుకోండి. అది సాధారణంగా కేస్ షీటులో అంటించి ఉంటుంది. కంపెనీని బట్టి స్క్రూ తల మారుతుంది, దానికి సరిపడే స్క్రూడ్రైవర్ లేకపోతే తీసేటప్పుడు సర్జన్‌కు చాలా ఇబ్బంది. పాత ఎక్స్‌రేలు, రేడియేషన్ ఎప్పుడు ఎంత ఇచ్చారో చెప్పే కాగితం కూడా పట్టుకెళ్లండి.

5. డాక్టర్‌ను ఇవి అడగండి

ఎముక అతుక్కుందా? దవడంతా ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రేతో కొంత తెలుస్తుంది, సందేహం ఉంటే సీటీ స్కాన్ చేస్తారు. విరిగిన దవడ సుమారు ఆరు వారాల్లో కూడుకుంటుంది. కాలి నుంచి తెచ్చి పెట్టిన ఎముకకు నెలలు పడుతుంది, రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఇంకా ఆలస్యం.

అతుక్కుని ఉంటే ఇబ్బంది పెడుతున్న ప్లేటును తీసేయడమే చాలావరకు పరిష్కారం. అతుక్కోకపోతే తొందరపడి తీయరు. ప్లేటు కొంచెం కనిపిస్తున్నా సరే, శుభ్రం చేస్తూ, మందులిస్తూ ఎముక గట్టిపడేదాకా లాక్కొస్తారు. ఇది విని డాక్టర్ పట్టించుకోవడం లేదని చాలామంది బాధపడతారు, నిజానికి అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. ప్లేటు విరిగి ఎముక కూడా కదులుతుంటే మళ్లీ ప్లేటు వేయాలి. పైన కండ, చర్మం పల్చబడి ఉంటే వేరే చోటి నుంచి తెచ్చి కప్పాల్సి రావచ్చు.

క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లు ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ పుండు ప్లేటు వల్లేనా, జబ్బు తిరగబెట్టిందా, ముక్క పరీక్ష అవసరమా? అడగడానికి భయం వేస్తుంది, నాకు తెలుసు. అయినా అడగండి. ప్లేటు దగ్గరి పుండ్లలో చాలావాటికి కారణం ఇన్ఫెక్షనో, వదులైన స్క్రూనో. కాకపోతే సంగతి ముందే తెలియడం మేలు.

రేడియేషన్ పడిన దవడలో కదిలే పన్ను ఉందని దగ్గర్లోని క్లినిక్‌లో పీకించేసుకోకండి. అక్కడ గాయం మానక ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. ముందు మీ సర్జన్‌తో మాట్లాడాకే ఆ పని.

ఎంఆర్ఐ తీయాల్సి వస్తే ప్లేటు సంగతి ముందే చెప్పండి. టైటానియం అయస్కాంతానికి అతుక్కోదు కాబట్టి సాధారణంగా తీయొచ్చు, ప్లేటు చుట్టుపక్కల బొమ్మ మాత్రం మసకబారుతుంది.

6. ప్లేటును చెడగొట్టే అలవాట్లు

గుట్కా, ఖైనీ, సిగరెట్, చుట్ట ఏదైనా సరే పూర్తిగా మానాలి. ఇందులో మినహాయింపు లేదు. పొగ రక్తప్రసారాన్ని తగ్గించి ఎముకను అతుక్కోనివ్వదు. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోకపోతే ఏ మందూ సరిగా పనిచేయదు. జంతికలు, వేయించిన శనగలు, చెరకు ముక్కలు డాక్టర్ చెప్పేదాకా వద్దు. మెత్తగా కలిపిన పప్పన్నం, గుడ్డు, పెరుగు, రాగి జావ బలానికి సరిపోతాయి.

7. తీసేయాల్సి వస్తే

రెండో ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకం కింద వస్తుందో లేదో చేరకముందే తేల్చుకోండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కి ఫోన్ చేయండి. చిన్న ప్లేట్లను కొన్నిసార్లు నోటి లోపలి నుంచే, ఆ చోటు మొద్దుబార్చి తీసేస్తారు. పెద్ద ప్లేటుకు మత్తు ఇచ్చి, తరచుగా పాత గాటు మీదుగానే తీస్తారు. తీశాక స్క్రూ రంధ్రాలు పూడటానికి సమయం పడుతుంది, ఈలోపు దవడ కాస్త బలహీనంగానే ఉంటుంది. అందుకే డాక్టర్ సరేననేదాకా కొన్ని వారాలు మెత్తటి తిండే తినాలి, దవడకు దెబ్బ తగిలే పనులకు దూరంగా ఉండాలి.