వర్డ్ పట్టికల గడుల్లో తెలుగు అక్షరాలను తీర్చిదిద్దడం ఎలా?

తిరుపతిలో డీటీపీ పని (అచ్చు కోసం కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) చేసే నా దగ్గరకు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పాల సేకరణ వివరాల పట్టిక ఒకటి ప్రింటుకు వచ్చింది. కాగితం చేతికి వచ్చాక చూస్తే ‘శ్రీకాళహస్తి’ కాస్తా ‘శీకాళహసి’ అయింది, ‘చంద్రగిరి’ ‘చందగిరి’ అయింది. టైపు చేసినవారి తప్పేమీ లేదు. పట్టికంతా ఒకే పేజీలో ఇమడాలని అడ్డు వరుసల ఎత్తును బిగించేయడంతో కింది వత్తులన్నీ తెగిపోయాయి. ఊరి పేరు తప్పుగా అచ్చయితే ఆ ఊరివారికి కష్టంగా ఉంటుంది కాబట్టి, మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఈ పనిని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట కావలసిన గడులను సరిగా ఎంచుకోవాలి. గడి లోపల ఎడమ అంచు దగ్గరకు మౌస్ తీసుకెళ్తే నల్లటి ఏటవాలు బాణం కనిపిస్తుంది. అప్పుడు నొక్కితే ఆ గడి మొత్తం ఎంపిక అవుతుంది. కాలమ్ కావాలంటే దాని పై అంచున, పట్టికంతా కావాలంటే ఎడమవైపు పై మూలన ఉండే నాలుగు బాణాల గుర్తు మీద నొక్కాలి.

తరువాత ఫాంటు. కంట్రోల్, డి కలిపి నొక్కితే తెరుచుకునే పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అనే విభాగం ఉంటుంది. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాల పద్ధతి) తెలుగుకు వర్తించేది అక్కడి ఫాంటు, అక్కడి సైజే. పైన ఇంగ్లీషు కోసం ఉన్న సైజును మాత్రమే మార్చి, తెలుగు మారలేదని తికమక పడేవారిని తరచూ చూస్తుంటాను. పట్టికలో ‘అను’ అనే పేరున్న డీటీపీ ఫాంటుతో టైపు చేసిన భాగాలు ఉంటే వాటి జోలికి మాత్రం వెళ్లకూడదు. అది యూనికోడ్ కాదు కనుక ఫాంటు మార్చగానే అక్షరాలు అర్థంలేని గుర్తులుగా మారిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వరుస ఎత్తు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు కంటే నిలువునా ఎక్కువ జాగా కావాలి. పట్టిక మీద కుడి బటన్ నొక్కి, ‘టేబుల్ ప్రాపర్టీస్’లోని ‘రో’ భాగంలో ఎత్తు ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంటే ‘ఎట్ లీస్ట్’కు మార్చాలి. అప్పుడు అక్షరానికి తగ్గట్టు వరుస తానే పెరుగుతుంది. ఆ తరువాత ‘పారాగ్రాఫ్’ పెట్టె తెరిచి, లైన్ స్పేసింగ్ కూడా ‘ఎగ్జాక్ట్‌లీ’లో లేకుండా చూడాలి, ఎందుకంటే అక్కడ కూడా ఇదే కోత పడుతుంది. సరిచూడడానికి నేను ‘స్త్రీ’ అనే అక్షరాన్ని ఒక గడిలో టైపు చేసి, తెరను 200 శాతానికి పెంచి చూస్తాను. అది పూర్తిగా కనిపిస్తే మిగతావి సాధారణంగా ఇబ్బంది పెట్టవు.

అక్షరాలను గడి మధ్యకు తేవడానికి ఎంటర్లు, స్పేసులు కొట్టడం మానాలి. పట్టికకు సంబంధించిన ‘లేఅవుట్’ ట్యాబ్‌లో అమరికకు తొమ్మిది బటన్లు ఉంటాయి. పేర్లను ఎడమవైపు, నిలువునా మధ్యలో ఉంచితే చదవడానికి హాయిగా ఉంటుంది. శీర్షికలను నట్టనడుమ ఉంచవచ్చు.

అంకెల కాలమ్‌కు అది చాలదు. 86.5, 104.25, 9 లీటర్లు వంటి అంకెలను నడిమికి తెస్తే దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి రావు. అందుకు కాలమ్‌ను ఎంచుకొని, ఎడమ అమరికలోనే ఉంచి, రూలర్ ఎడమ చివర ఉన్న ట్యాబ్ గుర్తును డెసిమల్ ట్యాబ్ వచ్చేవరకు నొక్కి, రూలర్ మీద కావలసిన చోట ఒకసారి నొక్కాలి. గడిలో ట్యాబ్ కొట్టనవసరం లేకుండానే బిందువులన్నీ ఒకే గీత మీదకు వస్తాయి. గడిలో నిజంగానే ట్యాబ్ కావాలంటే కంట్రోల్‌తో కలిపి నొక్కాలి, ఎందుకంటే ఉత్త ట్యాబ్ పక్క గడిలోకి తీసుకుపోతుంది.

‘గంగాధరనెల్లూరు’ వంటి పొడవైన పేరు ఇరుకు కాలమ్‌లో మధ్యకు విరిగిపోతే కాలమ్‌ను కాస్త వెడల్పు చేయడమే మంచిది. సెల్ ఆప్షన్లలోని ‘ఫిట్ టెక్స్ట్’ అక్షరాలను అడ్డంగా నొక్కేస్తుంది కనుక తెలుగుకు దాన్ని వాడవద్దని నా సలహా. గీతకూ అక్షరానికీ మధ్య ఖాళీ చాలకపోతే ‘సెల్ మార్జిన్స్’లో పెంచుకోవచ్చు.

పట్టిక రెండో పేజీకి సాగితే శీర్షికలు అక్కడా కనిపించేందుకు శీర్షిక వరుసను ఎంచుకొని, ‘లేఅవుట్’ ట్యాబ్‌లోని ‘రిపీట్ హెడర్ రోస్’ నొక్కాలి. అన్నీ అయ్యాక ఒక్క పేజీ మాత్రం ప్రింటు తీసి, ఊళ్ల పేర్లలోని వత్తులను వేలుపెట్టి ఒక్కొక్కటిగా చూసుకున్న తరువాతే మిగతా కాపీలు తీయాలి.