పియానో శ్రుతి చేయడం నేర్చుకుంటూ చెవులను కాపాడుకోవడం ఎలా?

విజయనగరంలో శ్రుతి గురించి ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ పదవిలో కూర్చున్నారు. తంబురా శ్రుతి చేయగలిగిన వారు పియానో వైపు వస్తే సగం పని వచ్చినట్టే. అయితే తంబురా దగ్గర అవసరపడని జాగ్రత్త ఒకటి ఇక్కడ తప్పనిసరి. తంబురా తీగను వేలితో మీటుతాం. పియానో తీగను సుత్తి కొడుతుంది, ఆ సుత్తికి అడుగు దూరంలో మన చెవి ఉంటుంది.

పియానోలో 88 మీటలు, దాదాపు 230 తీగలు ఉంటాయి. ఒక్కో తీగకు పది దెబ్బలనుకున్నా 2,300 దెబ్బలు. చేయి తిరిగినవారు రెండు గంటల్లోపే పని ముగిస్తారు. కొత్తవారికి పూట గడిచినా పూర్తికాదు, ఒకే మీటను పదేపదే కొడుతూ ఉంటారు. అందువల్ల గురువు కంటే శిష్యుడి చెవికే ముప్పు ఎక్కువ. అనుభవం వచ్చాక జాగ్రత్తపడదాం అనుకోవడం తలకిందుల ఆలోచన.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. పెద్ద శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం సాధారణంగా 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య మొదలవుతుంది. పియానో చివరి మీట స్వరం 4,186 హెర్ట్జ్. అంటే పై స్థాయిని శ్రుతి చేయడానికి ఏ వినికిడి కావాలో అదే ముందు పోతుంది. మాటలు మామూలుగానే వినిపిస్తుంటాయి కాబట్టి పోయిన సంగతి కూడా తెలియదు. లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే కేశకణాలు చనిపోతే మళ్లీ పుట్టవు.

ముందుగా వినికిడి పరీక్ష

పని నేర్చుకోవడం మొదలుపెట్టే ముందే ఆడియోగ్రామ్ తీయించుకోండి. చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గర ఈ పరీక్ష చేస్తారు. విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. 3,000, 6,000 హెర్ట్జ్ దగ్గర కూడా చూడమని అడగండి, కొన్నిచోట్ల వాటిని వదిలేస్తారు. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలి. పెళ్లి ఊరేగింపు చూసి మర్నాడు పొద్దున్నే వెళ్తే ఫలితం సరిగ్గా రాదు. ఆ కాగితం భద్రపరచి, ఏడాదికోసారి కొత్త పరీక్షతో పోల్చి చూసుకోండి.

శబ్దాన్ని కొలవండి

ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని, దాన్ని పియానో మీద కాకుండా మీ చెవి పక్కన పట్టుకోండి. లెక్క నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉండదు, కానీ ఏ పనికి శబ్దం ఎక్కువో తెలుస్తుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదన్నది విస్తృతంగా పాటించే హద్దు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట మాత్రమే.

గదిని సిద్ధం చేయండి

మన ఇళ్లలో, పాత చర్చి గదుల్లో నేల గచ్చు, గోడలు సిమెంటు. శబ్దం ఎటు వెళ్లినా తిరిగొస్తుంది. పియానో ఎదురుగా, వెనుకగా రెండు మందపాటి బొంతలు వేలాడదీసినా తేడా తెలుస్తుంది. సీలింగ్ ఫ్యాను ఆపండి. ఫ్యాను హోరులో సన్నని తేడాలు వినిపించవు, అవి వినాలని మనకు తెలియకుండానే మీటను ఇంకా గట్టిగా కొడతాం. ఎండాకాలంలో ఫ్యాను లేకుండా కష్టమే. అందుకే తెల్లవారుజామున కూర్చోవడం మంచిది, వీధి చప్పుళ్లు కూడా అప్పుడు తక్కువ.

దెబ్బ ఎప్పుడు, ఎంత?

అసలు నేర్పు ఇక్కడే ఉంది. పై మీటలకు మూడేసి తీగలుంటాయి. పక్క రెండూ మోగకుండా రబ్బరు ముక్కలు దూర్చి మధ్య తీగను ముందు కుదురుస్తారు, తర్వాత మిగతా రెండింటిని దానితో కలుపుతారు. రెండు తీగలు ఒకటి 440, ఇంకొకటి 441 హెర్ట్జ్‌లో ఉంటే సెకనుకు ఒకసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. ఆ అలనే బీటు అంటారు. కొట్టిన క్షణంలో వచ్చే టక్కుమనే చప్పుడులో అది వినిపించదు, తర్వాత సాగే నాదంలో వినిపిస్తుంది. కాబట్టి లీవరు, అంటే తీగ బిగువు మార్చే పిడి, తిప్పుతున్నంతసేపూ మీటను మధ్యరకంగా నొక్కి, పట్టి ఉంచి, తోక వినండి.

గట్టి దెబ్బ అవసరమే, కాదనను. తీగ పొడవునా బిగువు సమంగా సర్దుకోకపోతే రేపటికి శ్రుతి జారిపోతుంది. అయితే ఆ దెబ్బ స్వరం కుదిరాక వేయాలి, ఒకటో రెండో చాలు. కొత్తవారు లీవరు కదిపిన ప్రతిసారీ బలంగా కొడతారు. చెవికీ నష్టం, మణికట్టుకూ నష్టం. చివరి రెండు స్థాయిల్లో నాదం చప్పున ఆగిపోతుంది కాబట్టి పదేపదే కొట్టాలనిపిస్తుంది. అక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడండి.

చెవి ప్లగ్గులు

దూది పనికిరాదు, అది ఆపే శబ్దం చాలా స్వల్పం. మందుల దుకాణంలో దొరికే స్పాంజి ప్లగ్గులు శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి గానీ పై స్వరాలను ఎక్కువ మింగేస్తాయి. అందుకని ఏళ్ల తరబడి వదిలేసిన పియానో తీగలన్నిటినీ మొదటి విడత పైకి లాగేటప్పుడు వాటిని వాడండి, అప్పుడు సూక్ష్మత అంతగా అక్కర్లేదు. ప్లగ్గును సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి అర నిమిషం పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే సరిగ్గా పెట్టనట్టే.

సూక్ష్మంగా శ్రుతి చేసేటప్పుడు సంగీతకారుల ప్లగ్గులు కావాలి. అవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. 9, 15, 25 డెసిబెల్స్ రకాలున్నాయి. మొదట 9తో అలవాటుపడి, పై స్థాయికి 15 వాడితే 95 డెసిబెల్స్ శబ్దం 80కి దిగుతుంది. తొలి రోజుల్లో కొత్తగా అనిపిస్తుంది. దెబ్బ చప్పుడు తగ్గడంతో బీట్లు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయని చెప్పేవారూ ఉన్నారు. మన ఉక్కపోత వాతావరణంలో చెమట పట్టిన చెవిలో బూజు చేరే అవకాశం ఎక్కువ. ప్లగ్గులను సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. ఒకరివి ఇంకొకరు వాడకూడదు.

మిగతా రోజంతా

చెవి పియానో చప్పుడును వేరుగా లెక్కపెట్టదు. మన జిల్లాలో జూట్ మిల్లు మగ్గాల దగ్గర ఏళ్లకేళ్లు పనిచేసిన పెద్దలు ఎంత గట్టిగా మాట్లాడతారో చూసే ఉంటారు. సిరిమానోత్సవం డప్పులు, డీజే పెట్టెలు, దీపావళి టపాసులు అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. అలాంటి రోజు మర్నాడు శ్రుతి పని పెట్టుకోవద్దు. పని రోజుల్లోనూ ముప్పావుగంటకోసారి లేచి పది నిమిషాలు నిశ్శబ్దంగా గడపండి. ఆ విరామంలో చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అది విరామం కాదు.

ఎప్పుడు ఆపాలి?

పని అయ్యాక చెవిలో హోరు, చెవులు మూసుకున్నట్టు ఉండటం, ఎదుటివారి మాట మసకగా వినిపించడం కనిపిస్తే ఆ రోజుకు హద్దు దాటినట్టే. మర్నాటికి తగ్గిపోయినా దాన్ని తేలిగ్గా తీసుకోకండి. హోరు తగ్గుతుందని గోరువెచ్చని నూనె పోయడం మన ఇళ్లలో అలవాటు. నూనె లోపలి చెవికి చేరదు, కర్ణభేరికి చిల్లు ఉంటే హాని కూడా. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే అదే రోజు, కుదరకపోతే మర్నాడైనా వైద్యుని చూడాలి, ఆలస్యమయ్యేకొద్దీ చికిత్స పనిచేసే అవకాశం తగ్గుతుంది. వేరే జబ్బుకు ఆసుపత్రికి వెళ్లినా మీ పని గురించి చెప్పండి. జెంటామైసిన్ వంటి కొన్ని మందులు చెవికి నష్టం చేస్తాయి, బదులు వేరే మందు ఇవ్వడానికి వీలుందేమో వారు చూస్తారు.