తెలుగు రాతకి ఇటాలిక్ పాళీ: తక్కువ ఖర్చులో ఏది కొనాలి, ఎలా రాయాలి

ఇంకు పెన్ను వాడేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ కోరిక పుడుతుంది. గీత అంతా ఒకే మందంగా కాకుండా ఒకచోట లావుగా, ఇంకోచోట వెంట్రుకంత సన్నగా, పాత ఉత్తరాల్లో చేతిరాతలా రావాలని. దానికి బ్రష్షు అక్కర్లేదు, కాలిగ్రఫీ క్లాసూ అక్కర్లేదు. పాళీ మారిస్తే చాలు.

మామూలు పాళీ చివర కంటికి ఆననంత చిన్న గుండు ఉంటుంది, గట్టి లోహంతో చేసింది. గుండ్రం కాబట్టి పెన్నుని ఎటు లాగినా గీత ఒకటే మందం. ఇటాలిక్ పాళీ మొన అలా కాదు, వడ్రంగి ఉలి అంచులా అడ్డంగా, పలచగా ఉంటుంది. ఆ అంచుకి అడ్డంగా లాగితే దాని వెడల్పంతా కాగితం మీద పడుతుంది, అంచు వెంబడే లాగితే సన్నటి గీత వస్తుంది. అంతే కిటుకు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది: లావు గీత కోసం నొక్కుతారు. నొక్కితే లావయ్యేది ఫ్లెక్స్ పాళీ, అది వేరే జాతి. ఇటాలిక్ పాళీని నొక్కితే మధ్య చీలికకి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ విచ్చుకుపోతాయి, తర్వాత ఇంకు సరిగ్గా దిగదు.

కొట్లో మూడు పేర్లు వినిపిస్తాయి. స్టబ్ అంటే మూలలు బాగా అరగదీసి నున్నగా చేసింది. క్రిస్ప్ ఇటాలిక్ అంటే మూలలు పదునుగా వదిలేసింది, లావుకీ సన్నానికీ తేడా దీంట్లోనే ఎక్కువ. కర్సివ్ ఇటాలిక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. తెలుగు రాయడానికైతే స్టబ్ గానీ కర్సివ్ ఇటాలిక్ గానీ తీసుకోండి. ఎందుకంటే మన అక్షరాల్లో తిన్నటి గీత తక్కువ, పెన్ను గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, పైకీ పక్కకీ వెనక్కీ. పదును మూల ఉన్న పాళీ పైకి తోసినప్పుడు కాగితం పీచులో దిగబడి ఇరుక్కుంటుంది. ఇంగ్లీషు అక్షరాల్ని ముక్కలు ముక్కలుగా, కిందికి లాగుతూ రాసేవాళ్ళకి అది పనికొస్తుందేమో గానీ, ఒక్క ‘ఘ’ రాసేలోపే మనకి విసుగొస్తుంది.

అసలు ఆలోచించాల్సింది వెడల్పు గురించి. నేను మొదట కొన్నది 1.5 మిల్లీమీటర్ల పాళీ. తేడా బాగా కనబడుతుందని కొన్నాను, ఇంగ్లీషులో సంతకం పెడితే నిజంగానే అద్భుతంగా వచ్చింది. అదే పెన్నుతో తెలుగులో ఉత్తరం రాయడం మొదలుపెడితే మూడో లైనుకల్లా అర్థమైంది. ‘ణ’ పూడిపోయింది, ‘ష’ కడుపులో ఖాళీ లేదు, వత్తులు కింది లైను మీదికి వెళ్ళి పడ్డాయి. తప్పు పెన్నుది కాదు, లెక్కది.

ఆ లెక్క ఇది. ఇటాలిక్ రాతలో అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకి 5 రెట్లు ఉంటే బాగుంటుందని ఒక పాత కొలత ఉంది. అంటే 1.1 మిల్లీమీటర్ల పాళీకి అక్షరమే 5.5 మిల్లీమీటర్లు ఉండాలి. పైన గుడి, కింద వత్తు, దానికింద ఇంకో వత్తు, వీటికి చోటు విడిగా కావాలి. మామూలు రూళ్ళ నోటుబుక్కులో ఇదంతా ఒక లైనులో పట్టదు. అందుకని రోజూ తెలుగు రాసుకోవడానికి 0.6 నుంచి 0.8 మధ్య పాళీ చూసుకోండి. 1.1 కావాలంటే లైను విడిచి లైను రాయండి, లేకపోతే శీర్షికలకీ కవర్ల మీద అడ్రసులకీ ఉంచుకోండి. 1.5 పైన ఉన్నవి పోస్టర్లకీ గ్రీటింగ్ కార్డులకీ.

ఏ పాళీ దొరికినా ముందు ‘స్త్రీ’ అని మీ మామూలు సైజులో రాసి చూడండి. అందులో గుడిదీర్ఘం ఉంది, త వత్తు ఉంది, దాన్ని చుట్టుకునే క్రారవడి ఉంది, అన్నీ ఒకే అక్షరం మీద. రాశాక త వత్తు విడిగా కనబడితే ఆ పాళీ మీకు సరిపోతుంది. ఇంకు ముద్దలా కనబడితే ఒక సైజు తగ్గించండి. దుకాణంలో అందరూ ఇచ్చిన కాగితం మీద ఇంగ్లీషులో పేరు రాసి కొనేస్తారు, తర్వాత ఇంటికొచ్చి తెలుగు రాస్తారు. ఈ ఒక్క అక్షరం అక్కడే రాస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇక ఏ పెన్ను. తక్కువ ఖర్చులో మొదటి పెన్నుగా నేను చెప్పేది పైలట్ ప్లుమిక్స్. చూడ్డానికి ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది, నడుము సన్నగా ఆకారం కాస్త వింతగా ఉంటుంది, అయినా పాళీ మాత్రం నున్నగా, తెలుగుకి సరిపోయే వెడల్పులో వస్తుంది. ఇంకో లాభం, ఆ పాళీ పైలట్ కకునో, మెట్రోపాలిటన్ పెన్నుల్లో కూడా పడుతుంది. ఒరలోంచి లాగినట్టు తిన్నగా బయటికి లాగి, అందులో అలాగే తిన్నగా గుచ్చడమే. ప్లుమిక్స్ ఆకారం నచ్చనివాళ్ళు చాలామంది ఇదే చేస్తారు. కార్ట్రిడ్జ్, అంటే లోపలి ఇంకు గొట్టం, అయిపోతే పారేయకండి, మందుల షాపులో దొరికే సిరంజితో మీకు నచ్చిన ఇంకు నింపుకోవచ్చు.

లామీ సఫారి ఇప్పటికే ఉన్నవాళ్ళు కొత్త పెన్ను కొనక్కర్లేదు. 1.1, 1.5, 1.9 పాళీలు విడిగా దొరుకుతాయి. పాళీ మీద సెల్లో టేపు ముక్క అతికించి ముందుకి లాగితే పాతది జారి వస్తుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం 1.1 దగ్గరే ఆగండి. ట్విస్బీ ఎకోలో కూడా 1.1 స్టబ్ వస్తుంది, ఇంకు చాలా పడుతుంది, కానీ ఖర్చు పెరుగుతుంది కాబట్టి రెండో పెన్నుగా ఆలోచించండి. మన దేశంలో తయారయ్యేవాటిలో కాన్‌రైట్ వాళ్ళు ఇటాలిక్ పాళీలు కూడా చేస్తారు, ధర అందుబాటులో ఉంటుంది.

రాజమండ్రి పెన్నుల మాట ఎత్తకుండా తెలుగువాళ్ళు పెన్నుల గురించి మాట్లాడుకోలేరు. రత్నం పెన్నులు 1930ల నుంచీ ఉన్నాయి, గాంధీ గారికి స్వదేశీ పెన్ను చేసి పంపింది వాళ్ళే. గైడర్ పెన్నులూ ఆ ఊరివే. నల్లటి ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) కడ్డీని లేత్ మీద తిప్పి చేసే పెన్నులివి, చేతిలో ప్లాస్టిక్‌లా జారవు, వెచ్చగా ఆనుతాయి. మామూలుగా గుండ్రటి పాళీతోనే ఇస్తారు. కొనేముందు పాళీ ఎన్నో నంబరుదో అడిగి, అదే సైజులో ఇటాలిక్ పాళీ విడిగా తెచ్చుకుంటే మార్చుకోవచ్చు. పాళీనీ, దాని కిందుండి ఇంకు అందించే ఫీడ్‌నీ కలిపి పట్టుకుని లాగాలి, పెట్టేటప్పుడు కూడా రెండూ కలిపే. ఒకటి గుర్తుంచుకోండి, ఫిల్లరుతో నేరుగా పెన్ను గొట్టంలోకే ఇంకు పోసే పెన్నుల్లో ఇంకు పావు వంతుకి వచ్చాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి, టప్‌మని ఒక చుక్క కాగితం మీద పడుతుంది. అది పెన్ను చెడిపోయి కాదు. అడుగంటేదాకా వాడకుండా నింపేసుకోండి.

కొట్లో చూసి కొనే అవకాశం ఉంటే, హైదరాబాదులో ఆబిడ్స్ వైపు ఉన్న డెక్కన్ పెన్ స్టోర్స్ లాంటి పాత దుకాణానికి వెళ్తే, 10 రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఒకటి జేబులో వేసుకెళ్ళండి. పాళీని ఎదురుగా పెట్టి చూడండి. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉండాలి, మధ్య చీలిక మొన దగ్గరికి వచ్చేసరికి సన్నబడాలి. ఒక రెక్క మెట్టులా పైకి ఉంటే అది గీసుకుంటుంది, ఎంత ఖరీదైన పెన్నయినా సరే. తర్వాత ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత, ఆపకుండా పదిసార్లు ఎనిమిది అంకె గీయండి. ఎనిమిదిలో ఏదో ఒక మలుపు దగ్గర ప్రతిసారీ గరుకు తగులుతుంటే అక్కడి మూల సరిగ్గా అరగలేదని లెక్క, ఇంకోటి చూపించమనండి. ఇంట్లో ఎమెరీ పేపరు మీద రుద్ది సరిచేసుకోవచ్చని వీడియోలు చాలా ఉన్నాయి. చేసుకోవచ్చు, కానీ మొదటి పెన్ను మీద వద్దు. అరిగిన లోహం తిరిగి రాదు.

పట్టుకోవడం ఎలాగో చెప్తాను, సరదా మొదలయ్యేది ఇక్కడే. ఇటాలిక్ పాళీకి రెండు మూలలుంటాయి, రెండూ ఒకేసారి కాగితానికి ఆనాలి. గుండ్రటి పాళీ అలవాటైనవాళ్ళు రాస్తూ రాస్తూ పెన్నుని వేళ్ళ మధ్య కొంచెం దొర్లిస్తారు, వాళ్ళకే తెలియదు. ఇక్కడ అలా దొర్లితే ఒక మూల లేచి, గీత సగం చిరిగినట్టు వస్తుంది. పెన్నుని తేలిగ్గా పట్టుకుని, మొన అంచు రూళ్ళకి సుమారు 45 డిగ్రీల వాలులో, ఎడమ వైపు కిందికి, కుడి వైపు పైకి ఉండేలా పెట్టండి. ఆ వాలు మారకుండా ఒక సున్నా చుట్టండి. కుడి భుజం దగ్గరా ఎడమ అడుగునా లావుగా, ఎడమ భుజం దగ్గరా కుడి అడుగునా సన్నగా వస్తే మీ చెయ్యి కుదిరినట్టే. సన్నటి భాగాలు నెత్తి మీదా అడుగునా వచ్చాయంటే అంచు అడ్డంగా ఉందన్నమాట, మణికట్టు కాస్త తిప్పండి.

ఇప్పుడు ‘క’ రాయండి. తలకట్టు ఎలా వస్తుందో దగ్గరగా చూడండి. కుడికి దిగే ఆ పొట్టి గీత పాళీ వెడల్పంతా పడుతుంది, అక్కడి నుంచి పైకి లేచే పొడుగు తోక దారంలా సన్నబడిపోతుంది. మీరేమీ చెయ్యలేదు, పాళీ వాలు చేసింది. తెలుగులో తలకట్టు లేని వాక్యం ఉండదు కాబట్టి పేజీ అంతా ఆ టిక్కులు ఒకే వరసలో మెరుస్తుంటాయి. నాకు ఇటాలిక్ పాళీ మీద ఇష్టం పోకపోవడానికి కారణం ఇదే. తాటాకు మీద గంటంతో గీసిన రోజుల్లో మన అక్షరానికి ఈ లావు సన్నాలు లేవు, గంటానికి మొనే తప్ప వెడల్పు లేదు కదా. అయినా చూడండి, ఆ గుండ్రటి అక్షరాలకి ఈ పాళీ ఎంత బాగా అతికిందో.

ఎడమచేతివాటం వాళ్ళు, చెయ్యి లైను కింద పెట్టి రాసేవాళ్ళయితే స్టబ్‌తో ఇబ్బంది పడరు. చెయ్యి పైనుంచి వంచి రాసేవాళ్ళు మాత్రం కొనేముందు తప్పకుండా రాసి చూడాలి, లావు సన్నాలు వాళ్ళకి తారుమారవుతాయి.

కాగితం విషయంలో పిసినారితనం వద్దు. వెడల్పు పాళీ ఎక్కువ ఇంకు వదులుతుంది, చవక నోటుబుక్కులో గీత అంచుల నుంచి ఇంకు నూగులా పాకుతుంది, పేజీ వెనక్కి దిగిపోతుంది, మీరు డబ్బు పెట్టి కొన్న సన్నటి గీతలన్నీ లావైపోతాయి. జేకే సీడార్ 100 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి 100 గ్రాముల బరువుండే) కాగితం తెచ్చుకుని, కొట్లో స్పైరల్ వేయించుకుంటే తక్కువలో మంచి నోటుబుక్కు తయారవుతుంది. రూళ్ళు కావాలంటే కింద గీతల కాగితం పెట్టుకోండి. నాకు 500 రూపాయల పెన్నూ మంచి కాగితమూ కలిసి ఇచ్చిన ఆనందం, ఖరీదైన పెన్నుతో స్కూలు నోటుబుక్కులో రాసినప్పుడు రాలేదు.

ఇంకు సులభం. బ్రిల్, కామెల్ రాయల్ బ్లూ చాలు, హాయిగా పారతాయి, కడిగితే పోతాయి. కాస్త రంగులు కావాలంటే కోల్‌కతా సులేఖ ఇంకులు చూడండి. ఇటాలిక్ పాళీలో గీత మొదట్లో లేతగా, పాళీ ఆగినచోట ముదురుగా కనబడుతుంది, రాయల్ బ్లూలో కూడా. డ్రాయింగుకి వాడే ఇండియన్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పోయకండి, అందులో లక్క ఉంటుంది, ఫీడ్‌లో ఎండితే ఊడిరాదు.

సాధన దేంతో చెయ్యాలని అడిగితే నేను రామకోటి అంటాను. మా అమ్మమ్మ రాసేది, మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ దగ్గర కూర్చుని. భక్తి సంగతి మీ ఇష్టం, చెయ్యి కుదరడానికి మాత్రం ఒకే మాటని వందసార్లు రాయడం కంటే మంచి దారి నాకు తెలియదు. ‘శ్రీరామ’లో క్రారవడి ఉంది, గుడిదీర్ఘం ఉంది, దీర్ఘం ఉంది. శ్రీ కింద ఎడమ వైపు చుట్టుకొచ్చే ఆ క్రారవడి పొట్ట సరిగ్గా ఎడమ అడుగున లావెక్కాలి, తోక పైకి లేస్తూ సన్నబడాలి. మొదటి పేజీలో రాదు. నాలుగో పేజీలో ఒకటో రెండో కుదురుతాయి, అవి ఎందుకు కుదిరాయో ఆగి చూసుకోండి. అచ్చు పుస్తకాల్లో గళ్ళు చిన్నవి, 1.1 పాళీ పట్టదు, తెల్లకాగితం మీద మీరే పెద్ద గళ్ళు గీసుకోండి.

కొత్త పెన్ను రాగానే గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి పాళీని కడగండి, తయారీలో అంటిన జిడ్డు ఉంటే ఇంకు ఆగి ఆగి వస్తుంది. ఎబొనైట్ పెన్నుకి వేడి నీళ్ళు తగలకూడదు, నలుపు వెలిసి ఆకుపచ్చగా మారుతుంది, దానికి చన్నీళ్ళే. నెలకోసారి, ఇంకు మార్చిన ప్రతిసారీ, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగితే చాలు. ఎండాకాలంలో మూత తీసి ఫోను మాట్లాడుతూ కూర్చుంటే వెడల్పు పాళీ తొందరగా ఆరిపోతుంది. అప్పుడు విదిలించకండి, గోడలు పాడవుతాయి. తడి గుడ్డ మీద మొనని ఒక నిమిషం ఆనించి ఉంచితే ఇంకు దానంతటదే దిగుతుంది.