నగ్న చిత్రాన్ని చూడటం – 4వ పాఠం: ముందు ముఖం మూసేయండి

పోయినసారి డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1654లో వేసిన బత్షెబా బొమ్మ ఇచ్చి (బైబిల్లో దావీదు రాజు మనసుపడ్డ ఆడమనిషి, బొమ్మలో నగ్నంగా కూర్చుని ఉంటుంది), కుంచె గీతల్లో మూడ్ ఎక్కడుందో రాయమన్నాను. దాదాపు అందరూ ఒకటే రాశారు: "ఆమె బాధలో ఉంది సార్, చేతిలో దావీదు రాజు ఉత్తరం ఉంది కదా." నేనడిగింది కుంచె గురించి, మీరు చెప్పింది కథ. వనపర్తి నుంచి ఒకరు ఇంట్లో అందరి ముందు ఇట్లాంటి బొమ్మ తెరవాలంటే ఇబ్బందన్నారు. అలంపూర్ గుళ్ల మీది శిల్పాలు చూస్తూ పెరిగినోళ్లం, అంత టెన్షన్ ఎందుకు? పొట్ట దగ్గర చిన్న ముక్క జూమ్ చేసుకోండి, మనకు కావాల్సింది అదే.



నాకు చిరాకు ఈ ముఖం పిచ్చితోనే. ముఖం చూడగానే తీర్పు చెప్పేసి మిగతా బొమ్మను వదిలేస్తారు. బొటనవేలితో ఆమె తల మూసేయండి. ఇప్పుడు వెలుగు పడ్డ చోట చూడండి, గోడకు సున్నం వేసినప్పుడు కుంచె వెంట్రుకలు చారలు వదిలినట్టు రంగు మందంగా పడి ఉంటుంది, నీడలోకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. పొట్ట మీద గీతలన్నీ ఒకే దిక్కుకు పోవు, కొన్ని వంపు వెంబడి, కొన్ని దానికి అడ్డంగా. అందుకే ఆ ఒళ్లు నున్నగా మెరవదు, బరువుగా కూర్చుంటుంది. ఆ బరువే మూడ్. ముఖం తీసేసినా అది పోలేదు, గమనించారా?

నేనైతే ఒంటి జోలికి పోకముందు చేతి కింది తెల్లగుడ్డ చూస్తాను. అక్కడ కుంచె ఎంత తొందరగా నడిచిందో పట్టుకుంటే, ఒంటి మీద ఎంత ఆగి ఆగి పనిచేశాడో తెలిసిపోతుంది. ఫోన్ తలకిందులు చేసి చూడటం ఇంకో అలవాటు, ఆటో రొటేట్ ఆపుకోండి.

ముఖం లేకపోతే ఆగమైపోయేవాళ్లకు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన వీనస్ (రోమన్ల ప్రేమదేవత) బొమ్మ, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆమె మనకు వీపు చూపిస్తూ పడుకుంది, అద్దంలో ముఖం కావాలనే మసకగా వదిలేశాడు. వీపు మీద కుంచె జాడ వెతికినా సరిగ్గా దొరకదు.

అభ్యాసం: రెండు బొమ్మల్లో అరచేతంత ముక్క తీసుకుని, తెల్ల కాగితం మీద కుంచె పోయిన దిక్కుకు బాణాలు మాత్రమే గీయండి. ఒక్కో దానికి గంట. ఆకారం గీయొద్దు, బాధ, విచారం అన్న మాటలు రాయొద్దు. దిక్కు తేలని చోట ప్రశ్న గుర్తు పెట్టి పంపండి, వచ్చే పాఠం ఆ గుర్తుల నుంచే మొదలుపెడతాను.