ఫొటో చూసి కారు కిట్ గీస్తున్నారా? టైరును నమ్మకండి

విడి భాగాలు అతికించి చేసే నమూనా కారు కిట్ కోసం 1957 షెవర్లే బెల్ ఎయిర్‌ను 1/25 స్కేలులో, అంటే అసలు కారులో 25వ వంతు సైజులో, గీస్తున్నారనుకుందాం. ఫొటోలో కొలతకు ఆధారంగా టైరును తీసుకోకండి. ఆ ఏడాది కారు 14 అంగుళాల చక్రాలతో వచ్చింది, కానీ ఇప్పటి యజమానులు తమకు నచ్చిన సైజు బిగించుకుంటారు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు ఉన్న దూరాన్ని మాత్రం సాధారణంగా ఎవరూ కదపరు: 115 అంగుళాలు, అంటే 2,921 మిల్లీమీటర్లు. 25తో భాగిస్తే 116.8 మిల్లీమీటర్లు. కంప్యూటర్‌లో పక్క ఫొటోను సరిగ్గా ఆ కొలతకు తెచ్చి, దాని మీదే గీయండి.

ఆ ఫొటో కూడా దూరం నుంచి తీసినదై ఉండాలి. కప్పు అంచు తలుపు కంటే బాగా లోపలికి ఉంటుంది కాబట్టి, దగ్గర నుంచి తీస్తే అసలు కంటే చిన్నదిగా పడుతుంది. నా మొదటి బాడీ అలాగే నెత్తిన మొట్టికాయ తిన్నట్టు వచ్చింది! పదిహేను, ఇరవై మీటర్లు వెనక్కి వెళ్లి, జూమ్ చేసి తీయండి.

ఇక క్రోమ్ పట్టీలు. అసలు కారులో 10 మిల్లీమీటర్ల పట్టీ కిట్‌లో 0.4 అవుతుంది. దాని ఎత్తును కూడా లెక్క ప్రకారమే ఉంచితే రెండు పూతల రంగు కింద మాయమైపోతుంది. అక్కడ మాత్రం కాస్త ఎత్తు పెంచి మోసం చేయండి, తప్పు లేదు.